నాలిక మీద నల్లరంగు నీళ్లు

లివర్ శిబిరాల పర్యవేక్షణాధికారి గారికి,

అయ్యా,

విషయం: నన్ను తాగుబోతుగా రాసిన ఒక్క పంక్తి కొట్టివేయించుట గురించి.

పెడన వాస్తవ్యుడను, కలంకారీ అద్దకం పనివాడను, చంద్రమౌళి అను నేను విన్నవించుకొనునది:

1. నాకు మూడేళ్లుగా లివర్ జబ్బు ఉన్నది. మార్చిలో గుడివాడ శిబిరమునందు తమవారు నాలాంటి రోగుల రక్తంలో జింకు, రాగి, సెలీనియం, ఇనుము ఎంతెంత ఉన్నవో పరీక్షించిరి. నాకు జింకు తక్కువ, ఇనుము బాగా ఎక్కువ అని తేలినది. ఇంతవరకు పేచీ లేదు.

2. ఇనుము ఎందుకు పెరిగినదో తెలుసుకొనుటకు డాక్టరు గారు "రోజూ నోట్లో ఏం పోసుకుంటావ్?" అని అడిగిరి. యాభై ఆరేళ్లవాణ్ణి, నువ్వు అన్నారు. సరే. "బెల్లం పులిసిన నీళ్లండీ. ముప్పై ఏళ్ల నుంచి, పొద్దున్నే ఒక చుక్క" అన్నాను. ఆయన "నాటుసారా, ముప్పై ఏళ్లు" అని రాసేశారు. తుప్పు ఇనుము, బెల్లం కుండలో ఊరబెడితే మాకు నల్లరంగు తయారవుతుంది. అది కుదిరిందో లేదో నాలికతో చూడమని మా నాన్న నేర్పాడు. ఆ మాట చెప్పేలోపే "నెక్స్ట్" అన్నారు.

3. తాగుడు మానినట్టు సర్టిఫికెట్ తెస్తేనే మందులట. ప్రతి సోమవారం రెండు బస్సులు మారి అవనిగడ్డలో మద్యం మాన్పించే క్లాసుకు వెళ్తున్నాను. అక్కడి సుచిత్ర మేడం గారు "అసలు తాగనేలేదంటే మానేశారని ఎలా రాయనండీ? తాగుతానని ఒప్పుకోండి, మూడు నెలలు చూసి ఇస్తాను" అంటున్నారు. ఒప్పుకోను. కడుపులో నీరు చేరుతున్నది. ఆ మూడు నెలలు నేనుంటానని తమరు రాసిస్తారా?

4. ఇది అర్జీలో రాయదగినది కాదు. నిన్న నా భార్య కనకమహాలక్ష్మి అన్నం వడ్డించబోతూ ఆగి, నా నోరు వాసన చూసింది. సర్కారు కాగితం ముందు నా మాట చెల్లలేదు. ఆ అన్నం నేను తినలేదు.

కావున ఆ పంక్తి కొట్టివేయించి, మా కుండలో నీళ్లు పరీక్ష చేయించి, మందులు మొదలుపెట్టించవలెను. దీన్నయినా చివరిదాకా చదివి చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
చంద్రమౌళి

తా.క.: దీనితో ఒక సీసా, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ ముక్క పంపుతున్నాను. గుడ్డ మీద ఒక చుక్క వేయండి. నాటుసారా అయితే తడి ఆరిపోతుంది. నా నీళ్లయితే అందులోని ఇనుము కరక్కాయకు తగిలి నల్లబడుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. సీసా నింపింది కనకమహాలక్ష్మి. మూత బిగించే ముందు తనూ ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. లోపలికి వెళ్లి, నిన్నటి కంచంలోనే మళ్లీ అన్నం పెట్టుకొచ్చింది.