రమణమ్మగారి వెనక గోడ

షాల్‌క్రాస్,
21 జూలై 1996.

చి.ల.సౌ. విమలకు నీ బావ ఆశీస్సులు. మీరిద్దరూ క్షేమమని నీ ఉత్తరం చూసి తెలిసింది, మనసు కుదుటపడింది. నేనూ క్షేమమే. అయితే అది ఎంతవరకు నిజమో ఈ ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చు.

ముందు నీ ప్రశ్నలు. అవును, ఇక్కడ జూలైలో చలి. నువ్వు అల్లిన స్వెట్టర్ మోచేతుల దగ్గర పిగిలింది. వానలు మాత్రం ఎండాకాలంలో పడతాయి, నాకింకా అలవాటు కాలేదు. ఏనుగులు వీధుల్లో తిరగవని మన అమ్మాయి కావ్యశ్రీకి చెప్పు. కోతులు తిరుగుతాయి. మొన్న కిటికీలోంచి నా బ్రెడ్డు పట్టుకుపోయాయి. నీ రాజీనామా సంగతి చివర రాస్తాను. రమణమ్మగారి సంగతి చెప్పకుండా అది రాస్తే నీకు అర్థం కాదు. నిజానికి నాకే ఏమీ సరిగ్గా అర్థం కావడం లేదు.

ఇక్కడ కెస్సీ అని ఒక బిల్డరు ఉన్నాడు. వాళ్ళ ముత్తాత మన వైపు నుంచే చెరుకు తోటల్లో పనికి వచ్చాడట. కెస్సీకి మిగిలిన తెలుగు తిండికీ తిట్లకీ సరిపోతుంది, మిగతాదంతా ఇంగ్లీషు. ఆయనకి నేను ఎస్టిమేట్లు వేసి పెడుతున్నాను. ఎందుకు వేస్తున్నానో తర్వాత చెప్తాను, తొందరపడకు.

రమణమ్మగారికి డెబ్బై దాటాయి. కూతురు వెనేశ్రీ ఇంటికి తిరిగొస్తోందని వెనకవైపు ఒక గది వేయించాలనుకున్నారు. అప్పటికే ముగ్గురు బిల్డర్లను తిప్పి పంపారు. నాచేత అదే గది మూడుసార్లు కొలిపించారు. కిటికీ ఇక్కడ కాదు అక్కడ అన్నారు, మళ్ళీ ఇక్కడే అన్నారు. ఇసుక ఎవరు మోస్తారు, పనివాళ్ళు ఏ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు, అన్నీ కావాలి ఆవిడకి. నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు చిక్కు ఆ గది వెనక ఉంది. ఈ ఊరంతా కొండవాలు. ఇంటి వెనక మనిషికన్నా ఎత్తున మట్టిగట్టు నిలబడి ఉంది. గది కట్టాలంటే ముందు ఆ మట్టి జారకుండా ఆపే గోడ కట్టాలి. నేను గోడ కూడా కలిపి ఎస్టిమేటు వేశాను. కెస్సీ చూసి పెన్ను నా చేతికిచ్చాడు.

"గోడ తీసెయ్ బ్రదర్. పెద్ద నంబర్ చూస్తే ముసలామె మనల్ని గేట్ లోపలికి రానివ్వదు. ఫస్ట్ జాబ్ తీసుకో. తవ్వినాక ఎక్స్‌ట్రా అని చెప్తం. ఎవ్రీబడీ అట్లే."

నాకేం పాలుపోలేదు. విశాఖలో ఎస్టిమేటులో ఒక ఐటం వదిలేస్తే మెమో ఇచ్చేవాళ్ళు. ఇక్కడ అన్నీ వేస్తే వెర్రివాడివంటున్నారు. పోనీ టౌన్ ఆఫీసులో అడుగుదామని వెళ్తే, గోడకి పాత రూలు వర్తిస్తుందో కొత్త రూలో అక్కడి గుమస్తాకే తెలియదు. రెండేళ్ళ కిందట తెల్లవాళ్ళ ప్రభుత్వం పోయింది, కాగితాలు ఇంకా మారలేదు, వచ్చే నెల రమ్మన్నాడు. కెస్సీ చెడ్డవాడా అంటే, నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి పట్టుకొచ్చినవాడు. చివరికి కాగితం మీంచి గోడని నా చేత్తోనే కొట్టేశాను.

ఆ రోజు తల్లిని చూడ్డానికి వచ్చిన వెనేశ్రీ ఆ కాగితం చదువుతుంటే రమణమ్మగారు కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక ఒకే ఒక్క మాట అడిగారు.

"వాన పడితే నీలు ఎటు పోద్ది, బాబూ?"

ఆవిడ గుమ్మడికాయ కూర నా పళ్ళెంలో వేస్తూ చెప్పారు. "ఎయిటీ సెవెన్ ఫ్లడ్‌లో మట్టి వచ్చింది. వంటిల్లు పోయింది. ఆ బిల్డర్ కూడా వాల్ లేటర్ అన్నాడు. నువ్వు ఎక్కువ చెప్పు, నేను ఏడ్వను. దాచిపెట్టితే ఏడుస్తా."

ఆ కూరంతా తలవంచుకుని తిన్నాను విమలా. నిజంగా సిగ్గేసింది. ఇంతకాలం ఆవిడని సతాయించే మనిషి అనుకున్నాను. ఆవిడ అన్నిసార్లు అడిగింది మళ్ళీ ఎవరైనా ఏదైనా దాస్తారేమోననేనని అప్పుడు తట్టింది.

ఇంటికొచ్చి గోడతో సహా మళ్ళీ వేశాను. నిన్న కెస్సీకి చెప్పకుండా వెళ్ళి ఇచ్చాను. ఆవిడ కాగితం తిప్పి వెనక కూడా ఏమైనా రాసి ఉందేమో చూసి, మడిచి దేవుడి పటం వెనక పెట్టారు. విషయం తెలిసి కెస్సీ నామీద నోటికొచ్చినట్టు అరిచాడు. ఈ పొద్దున ఆవిడ ఫోను చేశారు. "నా దగ్గర గోడకే డబ్బు ఉంది. ముందు గోడ కట్టు. గది తర్వాత." ఇది లాభమో నష్టమో, నన్ను తిట్టాలో మెచ్చుకోవాలో కెస్సీకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. రేపు పని మొదలుపెడుతున్నాం.

ఇక నీ సంగతి. ఇక్కడికి వచ్చెయ్యడానికి రాజీనామా రాసి పెట్టుకున్నాననీ, దసరా సెలవుల ముందు హెడ్మాస్టరుకి ఇచ్చేస్తాననీ రాశావు. నా మొదటి ఉత్తరం చూసే కదా రాసుకున్నావు? ఆ ఉత్తరంలో నేను వదిలేసినవి ఇవి.

నన్ను రప్పించిన కంపెనీ నాలుగో నెలలోనే మానుకోమంది. ఐదు నెలలుగా కెస్సీ దగ్గరే పని, ఆయన ఇంటి వెనక ఒంటి గదిలోనే కాపురం. సముద్రం కనిపిస్తుందని రాశాను. నీళ్ళ ట్యాంకు మీద ఎక్కితే కనిపిస్తుంది. ఇక్కడ పనిచేసే పర్మిట్ కోసం కెస్సీ పేరుతో మళ్ళీ దరఖాస్తు పెట్టాం, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. కిటికీలన్నిటికీ ఇనప చువ్వలు. చీకటి పడ్డాక బయటికి వెళ్ళను, భయం. ఈ ఊరు బాగుపడుతోందో పాడవుతోందో పుట్టి పెరిగినవాళ్ళే తేల్చుకోలేకపోతున్నారు. ఇవన్నీ రాస్తే నువ్వు రానంటావని దాచాను. నువ్వు వచ్చాక ఒక్కొక్కటే చెప్దామనుకున్నాను, కెస్సీ ఎక్స్‌ట్రా చెప్పినట్టే.

రమ్మనాలో వద్దనాలో నాకు తెలియడం లేదు. నువ్వు కావాలి, అంతవరకు తెలుసు. రాజీనామా కాగితం మాత్రం సొరుగులోంచి తియ్యకు. నా మీద కోపం తీరేదాకా తిట్టు. తీరాక కూర్చుని, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో నువ్వూ అడుగు. తెలిసినంత చెప్తాను, తెలియంది తెలియదంటాను.

ఇట్లు,
ఈసారి ఏదీ కొట్టెయ్యకుండా రాసిన
నీ బావ,
వేణుగోపాలరావు