కమాను పట్టీల బోల్టులు

అన్నయ్యా, నాన్న పాత స్పోర్ట్స్ కారు ఈ పూట బయటికి తీయకు. అది ఇంకా స్టాండ్ల మీద గాల్లో ఉండగానే వెనక ఇరుసు మీద బండి బరువు మోసే కమాను పట్టీల బోల్టులు బిగించేశావు. అలా చేస్తే లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడి, నెల తిరక్కుండా చిరిగిపోతాయని ఎన్నిసార్లు చెప్పాను? పొద్దున్నే లేచి అన్నీ వదులు చేశాను. నువ్వు జాకీతో మెల్లగా కిందికి దించి ఉంచు, చాలు. బరువంతా చక్రాల మీద పడ్డాకే బిగించాలి.

నాలుగు నెలలు ఆ ఇరుసు కింద పడుకుని తుప్పు గీకింది, బేరింగులు మార్చింది నేను. నువ్వొచ్చింది రంగు వేసే రోజుకి. నిన్న మాత్రం, "అంతా నేనే చేశా పెదనాన్నా, చెల్లి పానాలు అందించింది" అన్నావు. అమ్మేమో "మావాడు చెయ్యి పెడితే ఏదైనా కదలాల్సిందే" అని మురిసిపోయింది. గోళ్ళలో గ్రీజు పోని చేతులతో నేను కప్పులు ఏరుకుని వంటింట్లోకి పోయాను.

ఫ్లాస్కులో టీ పోసి పెట్టాను. చల్లారకముందే తాగు.

మర్చిపోయాను. ఆ బోల్టులకి పట్టే పానా ఇంట్లో ఒక్కటే ఉంది, దానికోసం వెతక్కు. నా సంచిలో వేసుకెళ్తున్నాను. సాయంత్రం వచ్చి అందిస్తాను.