బాగుచేసేవాడి కాపురం

అక్కకు నమస్కారాలు.

నేను క్షేమం. ఫోనులో ‘ఊ’ తప్ప ఏమీ అననని కోప్పడ్డావు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ అత్తగారి ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, వంటగది. నీ మరదలు పొద్దున్నే బస్సు నడపడానికి వెళ్తుంది. అంత పెద్ద బస్సును ఇరుకు సందులో తిప్పడం చూశాను. ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నందుకు గర్వంగానూ, కొంచెం భయంగానూ ఉంది. పగలంతా ఇంట్లో నేనూ, అత్తగారూ. ఆవిడకు మన భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. అందుకని ఇంతవరకు మాటా మాటా రాలేదు.

వచ్చిన మర్నాడే కిటికీ గొళ్ళెం, బీరువా తలుపు, కుర్చీ కాలు బాగుచేశాను. నా చేతులు ఊరుకోవు కదా. విచిత్రమేమిటంటే, బిగించినవన్నీ మళ్ళీ ఊడాయి.

తమ్ముడు

తా.క. ఇక్కడ మగవాళ్ళు కూడా గిన్నెలు తోముతారని బావకు చెప్పు. అప్పుడాయన ముఖం ఎలా ఉందో రాయి.

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నోట్లో నాలుక లేనివాడివి, కాగితం మీద బాగానే మాట్లాడుతున్నావు. వస్తువులన్నాక ఊడతాయి, నీలాంటివాళ్ళు బిగిస్తారు. దానికి ఆరాలెందుకు? వేళకు తిను.

అక్క

తా.క. చెప్పాను. మీ బావకు వెంటనే నడుంనొప్పి వచ్చింది.

*

అక్కకు నమస్కారాలు.

నేను బిగించిన స్క్రూ దానంతటది ఊడడమా? ఎవరూ నేర్పకపోయినా, ఊళ్ళోవాళ్ళ గడియారాలు పాడుచేసి మరీ నేర్చుకున్న పని ఇది. ఇదీ పోతే ఈ ఇంట్లో నేను తిండి దండగ.

దొంగ దొరికింది. మొన్న అత్తగారి జేబులోంచి నా స్క్రూడ్రైవర్ తొంగి చూసింది! పైకి మాత్రం టీ ఇచ్చి, నేను పని చేస్తుంటే పక్కనే కూర్చుని నవ్వుతుంది. అల్లుడు చేతకానివాడని కూతురికి చూపించాలని ఆవిడ ఎత్తు. నేనేమైనా తక్కువ తిన్నానా? కుర్చీ కాలికి జిగురు పూసి, రెండు మేకులు కొట్టాను.

తమ్ముడు

తా.క. ఆ కాలు గట్టిగానే ఉంది. ఈసారి మిగతా మూడూ ఊడాయి.

*

తమ్ముడికి దీవెనలు.

అత్తగారిని పల్లెత్తు మాట అనకు. ఆ భాష రాదు కాబట్టి అనలేవనుకో, అదీ మంచిదే. ఇంకోమాట, మేకులు కొట్టకు! నీ పనితనానికి మేకులేమిటి, అసహ్యంగా? చూసీ చూడనట్టు ఉండు. బిగిస్తూ ఉండు.

అక్క

తా.క. నువ్వు వెళ్ళాక నా కుట్టుమిషను ఒక్కసారి కూడా చెడిపోలేదు. ఊరికే రాశాను, పట్టించుకోకు.

*

అక్కకు నమస్కారాలు.

అత్తగారొక్కతే కాదు. నీ మరదలి కోటుకు గుండీ కుడదామని తీశాను. జేబులో గలగలమంది. కిటికీ స్క్రూలు, బీరువా స్క్రూలు, కుర్చీవి, అన్నీ అందులోనే. తల్లీకూతుళ్ళు ఒకటే.

నన్ను వద్దనుకుంటే నోటితో చెప్పొచ్చు. అక్కర్లేని చోట ఉండలేనక్కా. ఇల్లంతా ఒక్కసారి గట్టిగా బిగించి బయలుదేరతాను. నా గది తుడిపించి ఉంచు.

తమ్ముడు

తా.క. పెట్టె సర్దాను. తెల్లారేసరికి దాని తాళం, పిడి, రెండు చక్రాలు ఊడి ఉన్నాయి. అది బాగవగానే వస్తాను.

*

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

ఈసారి దీవెనలు లేవు. ముందు ఆ పెట్టె విప్పి బట్టలు తీసి పెట్టు.

మీ ప్రయాణానికి ముందు నీ పెళ్ళాం నన్ను పెరట్లోకి పిలిచింది. మాకు ఒక్క ముక్క కలవదు. నిన్ను చూపించింది, వీధి తలుపు చూపించింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కడ ఉండలేక తిరిగి వచ్చేస్తావేమోనని దాని బెంగ. నేనేం చేశాను? కుట్టుమిషను స్క్రూ ఒకటి విప్పి, కొంగున ముడివేసి, నిన్ను చూపించి, పెదాల మీద వేలు పెట్టాను. కళ్ళు తుడుచుకుని ఒకటే నవ్వు! దానికి ఆ క్షణంలోనే అర్థమైంది. నీకు ఇప్పటికీ కాలేదు. అది బస్సు మీదుంటే ఇంట్లో ఆ పని వాళ్ళమ్మ చూసుకుంటోంది, అంతే.

నాకెలా తెలుసంటావా? అమ్మ పోయాక ఎటైనా వెళ్ళిపోతానని నువ్వు బట్టలు మూటకట్టినప్పుడల్లా నా మిషను చెడలేదూ? చెడినదాన్ని వదిలి గడప దాటలేవురా నువ్వు. అన్నేళ్ళూ నిన్ను అలాగే ఆపుకున్నాను.

వెళ్ళే ముందు వారం ఇల్లంతా వెతికి, “చెడినవేమీ లేవేంటక్కా?” అన్నావు, గుర్తుందా? నీ పెళ్ళానికి చూపించి మళ్ళీ బిగించేసిన ఆ ఒక్క స్క్రూ తప్ప, ఆ వారం నేను ఒక్కటీ ముట్టుకోలేదు. వెళ్ళిరా అని నోటితో చెప్పడం నా వల్ల కాలేదు.

మీ అక్క

తా.క. మిషను ఇప్పుడు నిజంగానే చెడిపోయింది. మీ బావ బాగుచేశాడు మరి. ఇద్దరూ ఓసారి రండి, తిరుగు టిక్కెట్టుతోనే. అత్తగారిని కూడా తీసుకురా. రాత్రికి రాత్రి మూడు కాళ్ళు ఊడదీసిన ఆ చెయ్యి చూడాలి.