మబ్బుల ఫొటో చూసింది నేను కాదు

శంషాబాద్,
9-12-1997, మంగళవారం.

ఈ రోజు పనులు: నీళ్ళు పన్నెండు బిందెలు, బియ్యం ఏరడం, దుప్పట్లు రెండు ఉతకడం, చింతపండు గింజలు తీయడం సగం. మిగతా సగం వదిలేసి నీకు రాస్తున్నాను.

తమ్ముడు సత్యానికి అక్క దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోవద్దు. చలి మాత్రం మన సముద్రపుటూరి చలి కాదు, పొడిచలి, పెదాలు పగులుతున్నాయి. వచ్చి ఏడాదైనా ఇక్కడి నీళ్ళకు నా పప్పు సరిగ్గా ఉడకదు.

నిన్న బూత్ నుంచి మీ వీధి కొట్టుకు ఫోన్ చేసి వరి కుప్పలు విప్పొద్దని చెప్పాను కదా. కొట్లో అందరూ వింటారని ఇంకో మాట మింగేశాను. అది ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెల తుఫానుకు ముందే పనలు కుప్ప వేయించమని నీకు చెప్పింది నేనే. కానీ మబ్బుల ఫొటో చూసింది నేను కాదు, మాకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ కూతురు రజిత. పాతికేళ్ళ పిల్ల, పై వాటాలో ఉంటుంది. షాద్‌నగర్ వైపు, మీ బావగారు స్టోర్స్‌లో పనిచేసే ఆఫీసులోనే, ఉపగ్రహం పంపే ఫొటోల్లో తుఫాన్లు కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆమె నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. "నీకెలా తెలిసిందక్కా?" అని నువ్వడిగితే "ఫొటో చూశాను" అనేశాను.

కడుపుమంటతో అన్నాను. మీ బావగారు అన్నం దగ్గర కూర్చుంటే చాలు, "రజిత మేడమ్ చూపే చూపు" అంటారు. ఇరవై రెండేళ్ళుగా నేను రాస్తున్న ఇంటి పద్దుల పుస్తకం ఒక్కసారి తెరిచి చూడలేదు. ఆ పిల్ల పొద్దున్నే సంచి తగిలించుకుని బస్సెక్కుతుంది. వంటేమిటని ఆమెను అడిగేవాళ్ళు లేరు. నాకు అదీ కంటగింపే.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "మా సుగుణ మబ్బుల్ని చదువుతుంది" అని అమ్మ ఊరంతా చెప్పుకుంటోందని, ఈ వారం కుప్పలు విప్పి నూర్చుకోవచ్చా అని నలభై ఇళ్ళవాళ్ళు నా మాట కోసం ఆగారని రాశావు. రెండుసార్లు చదివి మురిశాను. మూడోసారి భయం వేసింది.

అయినా రజితను అడగబుద్ధి కాలేదు. ఆఫీసులో పారేసిన ఫొటో ఒకటి మీ బావగారు తెస్తే, కిటికీ దగ్గర పెట్టుకుని నేనే చూశాను. మన ఒడ్డు మీద తెలుపన్నదే లేదు. "నూర్చుకోండి" అని కార్డు రాసేసి, నిన్న పొద్దున డబ్బాలో వేయడానికి బయల్దేరాను. మెట్ల దగ్గర రజిత ఎదురైంది.

"ఏందక్కా, గా ఫొటో పట్టుకొని యాడికి పోతున్నవు?"

చెప్పక తప్పలేదు. పైకి తీసుకెళ్ళి నాలుగు ఫొటోలు వరుసగా పరిచింది.

"ఒక్క ఫొటోతోని ఏం తెలుస్తదక్కా? ఇగ జూడు."

దక్షిణాన, నడిసముద్రంలో, నేను లెక్కచేయని చెదురు మబ్బులు. ఒకదాని తర్వాత ఒకటి చూస్తే అవి ఒకే చోటు చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి, కవ్వం కింద మజ్జిగలా.

"తెలుపు ఎంతున్నదని కాదు, ఎట్ల తిరుగుతున్నదో చూడాలె. ఇది గట్టిపడొచ్చు, పడకపోవచ్చు. గానీ నాలుగు దినాలు ఆగమను. రేడియో గూడ వినమను."

కార్డు ఆమె ముందే చింపేశాను. నలభై ఇళ్ళ గింజలను నా కుళ్ళుకు ఎర వేయబోయాను, తమ్ముడూ. అప్పుడు పోయిన నెల సంగతి కూడా ఆమెకు చెప్పేశాను. నవ్వింది.

"గంతేనా? మా బాపు నేను ఆఫీసుల టైపు కొడతనని చెప్తడు ఊర్లె. మబ్బులు చూస్తదంటే ఎవ్వలు పిల్లనడగరంట. జర నువ్వన్న నా పేరు చెప్పక్కా."

అది విన్నాక కూడా నా అసూయ పోలేదు, నీ దగ్గర దాపరికమెందుకు. రాత్రి మీ బావగారు మళ్ళీ "మేడమ్" అనగానే చారు గిన్నె లోపల పెట్టేశాను.

అయినా ఈ ఉత్తరం అమ్మకు పూర్తిగా చదివి వినిపించు, మధ్యలో ఆపకు. ఊళ్ళోనూ చెప్పు: చూసింది రజిత, ఫోన్ చేసింది సుగుణ. ఇటు ఎవరైనా వస్తుంటే మినప వడియాలు పంపు. రెండు పొట్లాలుగా కట్టు, ఒకటి పై వాటాకు. అమ్మ పాదాలకు నా నమస్కారాలు, ఆమె దీవెన నామీద ఉండాలి. పిల్లలకు ముద్దులు.

నీ అక్క,
సుగుణ

రజితకు బాకీ పడ్డ మాట ఒకటి. ఈ రోజుతో చెల్లు.