లార్డ్‌గారికొచ్చిన ఉత్తరం

2011 అక్టోబరు 14, మోరిస్‌విల్

కాళ్ళు పీకేస్తున్నాయి. నేను పనిచేసే గ్యాస్ స్టేషన్‌కి, అదే పెట్రోలు బంకుకి, రోజూ కాఫీకొచ్చే ముసలి హెరాల్డ్‌ని ఏడాదిగా "లార్డ్‌గారూ" అని ఏడిపిస్తున్నాను. ఇంగ్లండులో పోయిన వాళ్ళ నాన్న లార్డ్ బిరుదు కోసం పినతండ్రి కొడుకుతో ఆయనకి తగువు. హెరాల్డ్ పెంపుడు కొడుకు.

"అయితే ఏం? నేనూ పెంపుడు కొడుకునే. మా నాన్నకి తలకొరివి పెట్టింది నేనే. వదలకండి" అని ఎగదోశాను. అంతా నా నోటి దూల.

ఇవాళ లాయరు రాసిన ఉత్తరం చూపించాడు. పెంపుడు కొడుక్కి బిరుదు రాదట, ఆ రక్తమే కావాలట.

"అంటే నేనాయన కొడుకుని కానా, రావ్?" అన్నాడు. ఉత్తరం మడిచి చేతికిచ్చి, ఆయన కప్పులో మళ్ళీ కాఫీ నింపాను.

వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "రేపట్నుంచి ఉత్త హెరాల్డ్ అన్నావో, కాఫీ ఇంకోచోట తాగుతా" అన్నాడు.

వెక్కిరింపుకి మొదలెట్టిన పిలుపు. ఇక భూమ్మీద ఆయన్నలా పిలిచేది నేనొక్కణ్ణే.