భద్రమ్మ ఏరిన బియ్యంలో రాయి లేదు

రాయి కాదు అయ్యా. తమరు ఇప్పుడు అడగలేదు, నాకు తెలుసు. అయిదు నెలల కింద అడిగారు. అప్పుడు చెప్పవలసిన జవాబు ఇది.

సూర్యాపేటలోని సంక్షేమ అధికారి గారి సముఖమునకు, కోదాడ దగ్గరి బాలుర హాస్టల్‌లో ఉండి పదవ తరగతి చదువుచున్న కె. సైదులు, తండ్రి కాటయ్య, వయస్సు 18, తిరుమలగిరి వైపు గొర్రెల కాపరుల కుటుంబము, వ్రాసుకొను అర్జీ.

విషయం: నా ముందు పన్ను ఊడుట గురించి, వంట మనిషి భద్రమ్మను పనిలో నుండి తీసివేయుట గురించి, నా దవడలో బిగించిన మర గురించి.

అయ్యా,

ఈ పద్ధతి మా నాయన పాత అర్జీ చూసి నేర్చుకున్నాను. రోగమొచ్చి చచ్చిన గొర్రెల గురించి ఆఫీసు ముందు కూర్చునే ఆయన రాసి ఇచ్చిన అర్జీ అది. గట్టి మాటలన్నీ అందులోవి. మిగతావి నావి. నేను పన్నెండేళ్ల వరకు గొర్రెల వెంటే తిరిగాను, బడికి ఆలస్యంగా వచ్చాను, తప్పులుంటే మన్నించగలరు. తమరు నోటీసు బోర్డు మీద రాసిపోయిన నంబరుకే దీన్ని పంపుతున్నాను. మెసేజ్‌లు ముక్కలుగా వస్తాయి, ముందువి వెనక వచ్చినా నంబర్లు చూసి చదువుకోగలరు.

1. జూలై నెలలో ఒక శుక్రవారం తెల్లవారి అయిదు గంటలకు కరెంటు వచ్చినది. మా గదిలో ప్లగ్గు లేదు. బల్బు తీసి ఆ హోల్డరుకే చార్జింగ్ పెట్టుకుంటాము. హాస్టల్‌లో ఫోను ఉంచుకొనరాదని రాసి ఉన్న సంగతి నాకు తెలుసు. నా పక్క మంచం రెడ్యా ఇనుప పెట్టెను నిలువుగా పెట్టి దాని మీద ఎక్కాను. పెట్టె జారింది. మంచం పట్టీకి నోరు కొట్టుకున్నది. పై వరుసలో ముందు పన్ను వేరుతో సహా వచ్చి నా చేతిలో పడింది.

"ఫోన్ పలిగిందారా?" అని రెడ్యా అడిగాడు.

లేదని తల ఊపాను.

"ఇగేంది మరి, బతికినవ్ పో" అన్నాడు.

ఆ ఫోను అమ్మతో మాట్లాడటానికి అని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. పాటల కోసం.

2. అదే రోజు ఎనిమిది గంటలకు తమరు తనిఖీకి విచ్చేసినారు. నేను పెదవి లోపలికి మడిచి కిచిడి తింటున్నాను. పళ్లెంలో రక్తం పడింది. తమరు సరిగ్గా నా ముందే ఆగారు. "ఏంటి బాబూ, రాయి వచ్చిందా?" అని అడిగారు. వరుసలో కూర్చున్న వాళ్లందరూ నన్నే చూశారు. నలుగురు చూస్తే నాకు మాట రాదు. తల ఊపాను.

నేను చేసింది అంతే. నోటితో ఏమీ అనలేదు కాబట్టి అది అబద్ధం కిందికి రాదని చాలా రోజులు అనుకున్నాను. వస్తుంది.

భద్రమ్మ గరిటె చేత పట్టుకొని వంటింట్లో నుంచి ఉరికి వచ్చింది. "సార్, నేనే ఏరిన సార్. సాటల పోసి రెండుసార్లు ఏరిన" అన్నది.

"నీకు అసలు కళ్లు కనిపిస్తున్నాయా?" అని తమరు అన్నారు.

ఆమె కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నది. పళ్లెంలోకి వంగి చూసింది. తమరిని తప్పు పట్టుట లేదు. ఆ రక్తం చూస్తే ఎవరైనా అంటారు.

సోమవారం నుంచి ఆమె రాలేదు. పదకొండేళ్లు వండింది. మేమందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఎవరికి జ్వరం వచ్చినా అడగకముందే జావ కాచి తెచ్చేది.

3. తరువాత పేపర్లో వచ్చింది. "రాళ్ల అన్నానికి విద్యార్థి పన్ను బలి" అని. నా ఫోటో కూడా వేశారు, నోరు మూసుకొని ఉన్నాను. అది చదివి ఒక దాత గారు ముందుకు వచ్చి, తనకు తెలిసిన మిర్యాలగూడ డాక్టరమ్మ సరళ మేడమ్ దగ్గర ఖర్చంతా తానే పెట్టుకొని పన్ను పెట్టిస్తానన్నారు. ఎముకలో మర బిగించి దాని మీద పన్ను పెడతారట. పెట్టుడు పన్నులాగా తీసి పెట్టేది కాదట. ఎదిగే వయసు పిల్లలకు పెట్టరు, నాకు పద్దెనిమిది నిండాయి గనుక సరేనన్నారు. వద్దని చెప్పవలసింది. కానీ నాకు పన్ను కావాలనిపించింది. క్లాసులో హాజరు పలికేటప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను.

4. సరళ మేడమ్ లైటు వేసి చూసి, "ఏం బాబూ, అన్నం ముందుపండ్లతోని నములుతవా? నువ్వేమన్న ఉడుతవా?" అన్నారు. పక్కన ఉన్న నర్సు నవ్వింది. నేనూ నవ్వబోయి నోరు మూసుకున్నాను.

"ఊడిన పన్ను ఏది?"

"మింగిన మేడమ్."

"అయ్యో. ఊడంగనే పాలల్ల ఏస్కొని గంటల తెచ్చుంటే, దాన్నే మళ్ల పెడ్దుము కద."

ఆ రోజు అయిదు గంటలకే వంటింట్లో పాలు కాగుతున్నవి. అడిగితే భద్రమ్మ గిన్నెలో పోసి ఇచ్చేది, నన్ను బస్సు కూడా ఎక్కించేది. పన్ను నేను మింగలేదు అయ్యా. నా జామెట్రీ బాక్సులో ఉంది. సాక్ష్యానికి కావాలంటే పంపుతాను.

ఆగస్టులో మర బిగించి, పైన చిగురు కుట్టేశారు. నాలుగు నెలలు ఆగితే ఎముక దాన్ని పట్టేసుకుంటుందన్నారు.

5. ఇది రాయడానికే ఇంత రాసుకుంటూ వచ్చాను. పోయిన నెల ఎక్స్‌రే తీయించుకొని మిర్యాలగూడ బస్టాండులో నిలబడి ఉంటే, భద్రమ్మ కనిపించింది. తల నిండా ఊక దుమ్ము. రైసుమిల్లులో ఊడ్చే పని చేస్తున్నదట. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆమే చూసి వచ్చింది.

"సైదులూ, మర ఏసిండ్రట గద బిడ్డా. ఏదీ, నోరు తెరువు, సూద్దాం."

తెరిచాను. ఆమె కళ్లద్దాలు పైకి జరిపి, కిందికి జరిపి, నా గదవ పట్టుకొని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"గాడ ఏం కనబడతలేదు నాకు" అన్నది. "సూసినవా, గిట్లనే ఆనాడు రాయి గూడ కనబడలె. సారు అన్నది నిజమే బిడ్డా, నా కండ్లు పోయినయ్."

అప్పుడు మర చిగురు లోపల ఉంది అయ్యా. ఎవరికీ కనిపించదు. ఆమె సరిగ్గానే చూసింది. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు.

"ఇంటికాడ బియ్యం మా మనవరాలు గీతనే ఏరుతది. పోయిన వారం పెండ్లి వంటకు పిలిసిండ్రు, పోలె. మల్ల ఎవ్వని పన్నన్న ఇరగ్గొడ్తనేమో అని భయం. మిల్లుల ఊడ్సుడే నయం, దానికి కండ్లతోని పనిలేదు." ఇంకా ఇట్లా అన్నది, "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. పిల్లగాని మొకం కరాబ్ చేసిన."

నాకు బస్సు వచ్చింది. ఆమె పరుగున పోయి రెండు అరటిపండ్లు తెచ్చి కిటికీలో నుంచి ఇచ్చింది, మెత్తగా ఉంటయి తినుమని. తిన్నాను. రెండూ తిన్నాను. అది కూడా రాయాలి.

కావున తమతో మనవి చేసుకొనునది ఏమనగా, భద్రమ్మను తిరిగి వంటకు పిలిపించవలెను. పిలిపించేటప్పుడు "ఈసారికి క్షమించినాము" అని కాకుండా, ఆమె బియ్యంలో రాయి లేదని కాగితం మీద రాసి ఇవ్వవలెను. పేపరు వాళ్లు ఈసారి నా ఫోటో నోరు తెరిపించి వేసుకున్నా సరే. ఫోను రేపు వార్డెన్ సారుకు అప్పగిస్తాను, ఈ అర్జీ కోసమే ఇంతవరకు ఉంచుకున్నాను. రెడ్యాకు ఏ పాపం తెలియదు, పెట్టె మాత్రమే వాడిది. మర విషయం తమరి ఇష్టం. దాత గారికి తిరిగి ఇద్దామంటే ఎముక పట్టేసుకున్నదని మేడమ్ అన్నారు. తీయాలంటే ఎముక కోయాలట. కోయమంటే కోయించుకుంటాను.

దీనిని దయతో చిత్తగించి, శిక్ష ఎవరికి పడవలెనో వారికే పడునట్లు చూడవలెను.

తమరి ముందు తల ఊపిన విధేయుడు,
కె. సైదులు

రాయడం మరిచినది: ఈ రోజు పదకొండు గంటలకు పన్ను బిగించవలసి ఉన్నది. పోయిన వారమే చిగురు కోసి కొలత తీసుకున్నారు. పన్ను తయారై వచ్చిందని, నా పక్క పళ్ల రంగులోనే ఉందని నర్సు ఫోనులో చెప్పింది. నేను పోలేదు. పొద్దటి నుంచి రైసుమిల్లు గేటు ముందు, లారీ నీడలో కూర్చొని ఇదంతా కొట్టాను. ఇప్పుడే అన్నం గంట కొట్టారు. ఆడవాళ్లు బయటికి వస్తున్నారు. అందరి వెనక భద్రమ్మ వస్తున్నది, చేతిలో టిఫిను డబ్బా ఉంది. నన్ను చూసింది. అంత దూరం నుంచే చూసింది అయ్యా, చెయ్యి ఊపుతున్నది, "పన్ను అచ్చిందా బిడ్డా" అని అరుస్తున్నది.

తమరి జవాబు వచ్చేదాకా ఆగాల్నా, ఇప్పుడే చెప్పాల్నా?