గడ్డి కింద పెట్టిన కవరు

చిరంజీవి యశస్వినికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నగారైతే మరీ బాగున్నారు. సన్మానంలో కప్పిన శాలువాని ఇంత ఎండలోనూ భుజం మీంచి దించడం లేదు. నువ్వు వేళకి ఇంత తిని, కంటినిండా నిద్రపోతున్నావని అనుకుంటాను.

చీర పార్సిల్లో పెట్టిన చీటీ అందింది. మామిడి కాపు ఎలా ఉందన్నావు. పూత మీద మంచు పడి ఈ ఏడు కాయ తక్కువే. అయినా చిన్న రసాలు ఒక బుట్ట పంపుతున్నాను. ఇక, "సభలో ఏమైందమ్మా? నాన్న నీ పేరెత్తితేనే మండిపడుతున్నారేంటి?" అని అడిగావు. ఫోన్లో నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు జ్యూస్ కంపెనీకి ఎండీ అయ్యావని పేపర్లో పడిన మర్నాడే వర్తకుల సంఘం ప్రెసిడెంటు నారాయణరావు మనింట్లో ఊడిపడ్డాడు. "ఆడపిల్లని ముంబయి పంపితే ఇక సంబంధాలు రావు" అని ఇరవై రెండేళ్ళ క్రితం మన అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పిన పెద్దమనిషే. ఇప్పుడు, "మన యశస్విని తల్లిదండ్రుల్ని సన్మానించకపోతే మన ఊరికే అవమానమండీ" అంటూ వచ్చాడు. మీ నాన్నగారు మొహమాటానికైనా ఒకసారి వద్దనలేదు.

కళ్యాణ మండపం ముందు ఫ్లెక్సీ కట్టారు. సంఘం మగవాళ్ళు పదకొండుమంది చేతులు జోడించి నవ్వుతున్నారు. నీ ఫొటో ఓ మూల, పోస్టల్ స్టాంపంత. కంపెనీ పేరు తప్పు. నారాయణరావు మైకు పట్టుకుని, "ఆడదైతేనేం, మగాడిలా పైకొచ్చింది!" అన్నాడు. అది పొగడ్తనుకున్నాడు పాపం. అందరూ చప్పట్లు కొట్టారు. ఎం.బి.ఎ. చదివిన అతని కోడలు జ్యోతి ఆ పక్కనే దండల పళ్ళెం పట్టుకుని గంటన్నర నిలబడింది. ఆ అమ్మాయిని ఉద్యోగం మాన్పించింది ఈయనే. వేదిక మీద కుర్చీ మాట దేవుడెరుగు, మంచినీళ్ళు కావాలా అనైనా ఎవరూ అడగలేదు.

తర్వాత మీ నాన్నగారు లేచి, "మొదట్నుంచీ నేనే ప్రోత్సహించాను" అన్నారు. నువ్వు రైలెక్కాక ఆరు నెలలు నీతో మాట్లాడని మనిషి! ఆ మాట తానే నమ్ముతూ కళ్ళు కూడా తుడుచుకున్నారు.

చివరికి నా చేతికి మైకిచ్చి, "బిడ్డని ఇంతదాన్ని చేసిన తల్లి, రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు.

నేను అన్న మాటలు ఇవీ: "నా కూతురు ఇంతదైందంటే అందులో ఈ హాల్లో కుర్చీల్లో కూర్చున్న ఏ ఒక్కరి చెయ్యీ లేదు. నాదీ లేదు. ఉద్యోగానికి రమ్మని ముంబయి నుంచి కవరొస్తే, అది దానికి అందకుండా దాచింది నేనే."

అవును తల్లీ. పోస్టుమాన్ నాకే ఇచ్చాడు. చింపడానికి చేతులు రాలేదు. కాయలు మగ్గబెట్టే గదిలో గడ్డి కింద తోసేశాను. అది నీ చేతికెలా చేరిందో సభ రోజు వరకూ నాకు తెలియలేదు. నీకు చూసిన ఏలూరు సంబంధం తప్పిపోతుందన్న భయం వల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇంటర్‌తో నా చదువు మాన్పించిన రోజున నా కోసం ఒక్కరు కూడా ఏడవలేదు. నాకు లేనిది నీకెందుకు అనిపించింది. కన్నకూతురి మీద అసూయ. నారాయణరావు తెలియక అన్నాడనుకో, నాకు తెలిసే చేశాను. ఆ పదకొండుమందిని చీదరించుకునే ముందు నన్ను నేను చీదరించుకోవాలి.

"అమ్మగారు కాస్త ఉద్వేగంలో ఉన్నారు, భోజనాలకి లేవండి" అన్నాడు నారాయణరావు. మీ నాన్నగారు నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు. నేను గుమ్మం దాటి మెట్ల మీద కూర్చుంటే కనకమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మన షెడ్డులో కాయలేరే రెడ్డిగూడెం కనకమ్మే. కూలీలందరితో పాటు భోజనానికి పిలిస్తే వచ్చిందట.

"ఆ కవరు తీసి పాపకిచ్చింది నేనేనండీ," అంది. "మీరు గడ్డి కింద పెట్టడం చూశాను. నాకు చదువు రాదు గానీ, దాచే కాయితం మంచిదే అయ్యుంటదని తెలుసు."

"ఎక్కడ దొరికిందని పాప అడగలేదా?" అన్నాను.

"అడిగింది. చెప్పాను. కాసేపు ఏడ్చి, 'అమ్మతో అనకు కనకమ్మా, సిగ్గుపడుతుంది' అంది."

అంటే రైలెక్కే ముందు నా కాళ్ళకు దండం పెట్టిన రోజుకే నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఏటా చీర పంపుతూనే ఉన్నావు. నేను కట్టుకుని ఊరంతా తిరిగి చూపించుకుంటూనే ఉన్నాను.

క్షమించమని అడగను, ఆ పని ఎప్పుడో నువ్వే చేసేశావు. నిన్న పొద్దున్న జ్యోతి వాళ్ళింటికి వెళ్ళాను. మామగారి ఎదుటే ఆ అమ్మాయి సర్టిఫికెట్లు అడిగి తెచ్చుకున్నాను. జిరాక్సులు దీంతో పెడుతున్నాను. సిఫారసు వద్దు. అందరిలాగే ఇంటర్వ్యూకి పిలిపించు, చాలు. పిలుపు కాయితం మాత్రం నా పేరున పంపు. ఈసారి నేనే తీసుకెళ్ళి జ్యోతి చేతికిస్తాను.

ఇట్లు,
నీ చీరలు కట్టుకుంటున్న
అమ్మ, శారద